కొబ్బరినూనె పోసిన రీలు

మైలపల్లి బంగారమ్మకు ముప్పై మూడేళ్లు. ఏ మూత పెట్టినా ఇంకొకరు తియ్యలేనంత గట్టిగా బిగిస్తుంది. ఆ ఇంట్లో దాహం వేసినవాళ్లు నీళ్ల సీసా కంటే ముందు బంగారమ్మను వెతుక్కోవాలి. అత్తగారు దీన్ని మొండితనం అంటుంది. తన ఇష్టప్రకారం బిగించుకోవడానికి ఆ ఇంటి కోడలికి మూతలు తప్ప ఇంకేమీ మిగల్చలేదన్న సంగతి ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు.

డిసెంబరు నెలలో ఒక రోజు, ఎండ ఇంకా ఎక్కకముందే, బంగారమ్మ గాలం దారం చుట్టే ఒక పాత రీలును చీర చెంగులో చుట్టుకుని విశాఖ చేపల రేవుకు వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక రేకుల గది ఉంది. అది తెడ్డు కన్నమ్మది. గాలపు రాడ్డు పట్టి నడిసముద్రంలో పెద్ద చేపల కోసం పోయేవాళ్ల రీళ్లన్నీ ఆ గదికే వస్తాయి, బాగుపడి పోతాయి. కన్నమ్మను రేవులో అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆ పేరు మొదట ఎకసెక్కానికి పెట్టారు. రీలు పాడైన ప్రతివాడూ తర్వాత తర్వాత ఆ ఎకసెక్కాన్నే చేతులు కట్టుకుని పలకడం నేర్చుకున్నాడు. బంగారమ్మ రెండేళ్లుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటోంది.

మేస్త్రమ్మకు ఒక పద్ధతి ఉంది. ఎవరేం అడిగినా, చేతిలో పని లేకుండా జవాబు చెప్పదు. అడిగినవాళ్ల చేతులు ఖాళీగా ఉన్నా చెప్పదు.

"మేస్త్రమ్మా, ఒక్క మాట అడుగుతాను. తిన్నగా సెప్పు," అంది బంగారమ్మ గుమ్మంలోనే నిలబడి. "ఎంతవరకు ఒగ్గాల? ఎక్కడ పట్టుకోవాల?"

"ఎవులు నీ సెయ్యి పట్టుకు లాగుతన్నారు?"

"ఎవులు లాగటం లేదో అడుగు."

ఆమె చెప్పింది ఇది. పడవ ఆమెది. తండ్రి పోయేముందు కూతురి పేరున రాయించి పోయాడు. ఊళ్ల నుంచి వచ్చే గెస్టులను ఎక్కించుకుని, రాడ్లు వేయించి తీసుకొచ్చే పడవ అది. తండ్రి పక్కన కూర్చుని చుక్కాని పట్టడం ఆమెకు పదేళ్ల పిల్లప్పటి నుంచి వచ్చు. భర్త గుజరాత్ ట్రాలర్ల మీద వేరావల్‌లో ఉంటాడు, ఏడాదికి ఒకసారి కనిపిస్తాడు. పడవ నడిపే సరంగు మరిది దాసు. మొదట్లో దాసు చిన్న మాటే అడిగాడు. గెస్టులు చూస్తుంటే ఆడమనిషి చుక్కాని పట్టడం బాగోదు వదినా, వెనక్కి కూర్చో. ఆమె వెనక్కి కూర్చుంది. తర్వాత మంగళవారం పడవ ఎక్కొద్దన్నాడు. సరే అంది. తర్వాత గెస్టులతో మాట్లాడొద్దన్నాడు. మాట్లాడడం మానేసింది. అడిగిన ప్రతిసారీ దాసు గొంతులో కన్నీళ్లు ఉండేవి, వెనక అత్తగారి ముక్కు చీదుడు ఉండేది, ఫోనులో భర్త "తమ్ముడు సెప్పినట్టు ఇనీ" అనేవాడు.

మొన్న ఆదివారం తెల్లారకముందే బంగారమ్మ, దాసు నలుగురు గెస్టులతో సముద్రంలోకి పోయారు. చీకటి విడుతుండగానే ఒకాయన రాడ్డుకి కొమ్ముకోనాం తగిలింది. మూతి కత్తిలా పొడుచుకొచ్చే చేప అది. తగిలితే ఆ ఏడాదంతా చెప్పుకోవచ్చు. చేప ఒక్క దూకు దూకింది. రీలు దారం వదలాలి, వదల్లేదు. దారం తుపాకీ పేలినట్టు తెగింది. మళ్లీ ఎండ నడినెత్తికి వచ్చాక అదే రాడ్డుకి ఒక పెద్ద సూరచేప పడింది. ఈసారి రీలు ఏమాత్రం ఆపలేదు, ఉన్న దారమంతా గడగడా సముద్రంలోకి పోయింది. దాసు గెస్టుల వైపు తిరిగి తల పట్టుకున్నాడు. ఆడది పడవెక్కితే గంగమ్మ ఊరుకుంటుందా అన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్న పెద్దమనుషులు కూడా తలలూపారు. చేప పోయిన బాధలో ఉన్నవాడికి ఏ కారణమైనా రుచిగానే ఉంటుంది, అందులో ఆడదాని పేరుంటే ఇంకాస్త ఉప్పు కలిసినట్టుంటుంది.

"ఇయ్యాల సాయంత్రం వలల షెడ్డుకాడ పెద్దలు కూకుంటారు," అంది బంగారమ్మ. "ఇక నాను పడవ మీద కాలే ఎట్టకూడదని దాసు అడుగుతాడు. నాను ఏటి సెప్పాల? మా సిన్నత్త అంటాది, అన్నీ ఒగ్గీసినదానివి, ఇదొక్కటి ఒగ్గీడానికి నొప్పేటి అని. ఆడోళ్ల సంఘం మేడమ్ అంటాది, ఒక్క అంగుళం కూడా వదలొద్దు అని. ఆవిడకేటి, కారెక్కి ఎల్లిపోద్ది. నాను కాదంటే దాసు పడవ దిగిపోతాడు, ఇల్లు రెండవుద్ది. అవునంటే నాను పడవే దిగిపోవాల. ఎంత ఒగ్గాల, మేస్త్రమ్మా?"

మేస్త్రమ్మ చెయ్యి చాపింది. "ఆ రీలేనా?"

"అదే."

"ఎండెక్కకముందే తెచ్చినావు, మంచిపని సేసినావు. కూకో. విప్పు."

బంగారమ్మకు ఒళ్లు మండింది. పడవ పోయేలా ఉంటే ఈవిడకు రీలు కావలసివచ్చింది. కానీ రెండేళ్లలో నేర్చుకున్న మొదటి పాఠం అదే కాబట్టి కూర్చుంది.

అది తండ్రి వాడిన పాత రీలు. డ్రమ్ము పెద్దది, ఒంటి మీద పూత అక్కడక్కడా పోయినా ఇనుము గట్టిది. పక్కన హ్యాండిల్, హ్యాండిల్ కింద నక్షత్రం ఆకారంలో ఒక చక్రం. దాన్ని రేవులో అందరూ స్టారు అంటారు. స్టారు బిగిస్తే లోపల వాషర్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, చేప లాగినప్పుడు దారం బరువుగా పోతుంది. వదులు చేస్తే తేలిగ్గా పోతుంది. దాన్నే డ్రాగ్ అంటారు. చేప బలం దారం బలం కంటే ఎప్పుడూ ఎక్కువే. ఆ రెండింటి మధ్య దారం తెగకుండా నిలబెట్టేది ఆ వాషర్లే.

బంగారమ్మ హ్యాండిల్ తీసింది, స్టారు తీసింది, పక్క మూత విప్పింది, లోపలి పెద్ద పళ్లచక్రాన్ని గుడ్డ మీద పెట్టింది. చక్రం గుంటలో వాషర్లు ఒకదాని మీద ఒకటి ఉండాలి. వాషర్లకు బదులు తెల్లటి మైనంలాంటి గడ్డ కనిపించింది. స్క్రూడ్రైవరు మొనతో గీరింది. వాసన గదంతా కమ్ముకుంది.

"ఇది... కొబ్బరినూని!"

"తలకి రాసుకునేదే," అంది మేస్త్రమ్మ నవ్వకుండా. "తోలు వాషర్లు ఎండిపోయి కిర్రుమంటన్నాయని ఎవుడో పోసినట్టున్నాడు. ఎండాకాలంలో బాగానే తిరిగుంటాది. డిసెంబరు తెల్లారగట్ల సముద్రం మీద సలికి గడ్డకట్టీసినాది. సేప లాగితే కదల్లేదు. మద్దినేల ఎండకి కరిగిపోనాది, అప్పుడేమో జారీసినాది."

"మా ఆయన బుద్ధి కూడా అంతే. పొద్దున గడ్డ, మద్దినేలకి నూని."

"నీ ఒక్కదాని ఆయనే అనుకుంటన్నావేటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో బంగారమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్లు వెలిగాయి. "ఈ నూని పోసినోడు దాసే. ఆడి గూట్లోనే ఉంటాది సీసా. ఇది ఇలాగే పట్టుకెళ్లి పెద్దల ముందర పెడతాను. గంగమ్మ తెంపినాదా, నూని తెంపినాదా సూడండని!"

"పెట్టు. ఎండెక్కేసరికి అది కరిగి నీ సెంగుకి అంటుద్ది. నువ్వే పోసినావంటారు."

"అలాగెలాగంటారు?"

"ఇంట్లో కొబ్బరినూని ఎవుల తలకి ఎక్కువ ఖర్చవుద్ది? అడుగుతారు. నువ్వేటి సెప్తావు?" మేస్త్రమ్మ గడ్డను గుడ్డతో తుడిచి బయటికి విసిరేసింది. "వాషరు సూసి తీర్పు మార్సుకునే పెద్దలే ఉంటే, నీకు నా దగ్గర పనేటి? కూకో."

బంగారమ్మ కూర్చుంది. ఆ విసిరేసిన ముక్క వైపు ఆశగా ఒకసారి చూసింది. ఐసు ఫ్యాక్టరీ పిల్లి అప్పటికే దాన్ని నాకుతోంది.

తోలు వాషర్లు ఒక్కొక్కటీ ఊడి వచ్చాయి. ఒకటి గట్టిపడి అప్పడంలా విరిగింది. ఒకటి మెత్తబడి అంచులు నలిగిపోయింది. వాటి మధ్య ఉండే ఉక్కు వాషర్ల మీద తుప్పు పొక్కులు. మేస్త్రమ్మ ఒక అద్దం పలక తీసి, దాని మీద సన్నటి గరుకు కాగితం పరిచి, నీళ్లు చిలకరించింది. బంగారమ్మ ఉక్కు వాషర్లను ఆ కాగితం మీద గుండ్రంగా రుద్దింది. పొక్కులు పోయి, ముఖం కనిపించేదాకా రుద్దింది. వంపు ఉన్న వాషరు ఎంత మంచిదైనా ఒక చోట పట్టి ఒక చోట జారుతుంది. పట్టి జారి, పట్టి జారి లాగే డ్రాగ్ కంటే అసలు డ్రాగ్ లేకపోవడమే నయం. దారం తెగేది గట్టి లాగుడుకు కాదు, ఆ కుదుపుకు.

మేస్త్రమ్మ చిన్న డబ్బాలోంచి కొత్త వాషర్లు తీసింది. నల్లవి, దగ్గరగా చూస్తే చాపలా అల్లిక కనిపిస్తుంది. కార్బన్ వాషర్లు. ఎండకీ చలికీ గుణం మార్చుకోవు. వాటికి రాసే గ్రీజు కూడా అందుకోసమే చేసింది, కరగదు, గడ్డకట్టదు.

"ఎంత రాయాల?"

"పెళ్లికూతురి బుగ్గకి పసుపు రాసినట్టు కాదు. అద్దం మీద ఊపిరి పడ్డట్టు."

బంగారమ్మ వేలికొసతో పలచగా రాసింది. ఒక కార్బన్, ఒక ఉక్కు, మళ్లీ కార్బన్, మళ్లీ ఉక్కు. ఉక్కువి రెండు రకాలు. ఒక రకం పళ్లచక్రంతోపాటు తిరుగుతుంది. రెండో రకం ఇరుసును పట్టుకుని కదలకుండా నిలబడుతుంది. తిరిగేదానికీ నిలబడేదానికీ మధ్య కార్బన్ రాపాడుతుంది. వరస తప్పితే ఏదీ పనిచెయ్యదు. ఆమె ఒకసారి తప్పింది, మేస్త్రమ్మ దగ్గింది, ఆమె మళ్లీ సరిగ్గా పేర్చింది.

మూత బిగించి, స్టారు వేసి, హ్యాండిల్ తగిలించాక, బంగారమ్మ తన అలవాటు ప్రకారం స్టారును చివరంటా తిప్పేసింది. చేతి నరాలు లేచాయి.

"ఇప్పుడు ఏ కొమ్ముకోనాం లాగుద్దో సూస్తాను. ఒక్క అంగుళం కూడా వదల్దు!"

"మేడమ్ మాట బాగానే వంటబట్టినాది," అంది మేస్త్రమ్మ. "కొత్త వాషర్లు ఆగుతాయి, నిజమే. పళ్లచక్రం మీ నాన్న కాలంనాటిది. దాని పళ్లు ఊడిపోతాయి. పళ్లు ఊడకపోతే దారం తెగుద్ది. దారం తెగకపోతే రాడ్డు ఇరుగుద్ది. బలమంతా ఒక్క కాడ ఎట్టీసి, మిగతావాటిని ఎవులికి ఒగ్గీసినావు? తీ."

బంగారమ్మ మొహం చిన్నబుచ్చుకుని స్టారు వెనక్కి తిప్పింది. ఆ బిగింపు ఆమెకు తెలియకుండానే ఎంత గట్టిదంటే, తనే రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది.

డ్రమ్ముకు కొత్త దారం చుట్టించి, మేస్త్రమ్మ గోడ మేకుకు ఉన్న కొక్కెం కాటా తీసి దాని చివర తగిలించింది. "ఈ దారం ఎంత బరువుకి తెగుద్దో తెలుసుగా. అందులో మూడోవంతు దగ్గర సర్రున జారాల. కాటా సూసుకుంటూ తిప్పు. సేతిని నమ్మకు. సేతికి కోపముంటాది, బెంగుంటాది. కాటాకి రెండూ లేవు."

బంగారమ్మ తిప్పింది, మేస్త్రమ్మ కాటా లాగింది. ఎక్కువైంది. కొంచెం వదులు చేసింది. తక్కువైంది. మళ్లీ. చివరికి కాటా ముల్లు అనుకున్న గీత మీద వణక్కుండా నిలబడి, దారం మెత్తగా, ఒకే పట్టుతో, గాలిపటం దారంలా జారింది. ఆ జారుడు అరచేతికి ఎంత హాయిగా తగిలిందంటే బంగారమ్మ తన ప్రశ్న సంగతే ఒక నిమిషం మరిచిపోయింది.

బయట ఐసు దిమ్మలు దించుతున్న నూకన్న కనిపించాడు. రేవులో అంత బలమైన మనిషి లేడు, అంత వాగుడుకాయా లేడు. మేస్త్రమ్మ వాణ్ని కేకేసింది. "నూకా! సేపవుతావేటిరా?"

"అందరూ నన్ను దున్నపోతంటారు. నువ్వొక్కద్దానివే సేపంటన్నావు, ఇంక కాదంటానా!"

దారం చివర ఒక కర్రముక్క కట్టి వాడి చేతికిచ్చారు. బంగారమ్మ రీలును గదిలోని ఒక రాడ్డుకు బిగించి, దాన్ని పట్టుకుని జెట్టీ మీద కాళ్లు ఊని నిలబడింది. నూకన్న కర్ర భుజాన వేసుకుని నడిచాడు. దారం పోయింది. పరిగెత్తాడు. పోయింది, అదే బరువుతో. ఆగి ఒక్కసారిగా కుదిపాడు. అదే బరువు. వాడికి పౌరుషం వచ్చింది. ముందుకు వంగి, ఐసు బండి లాగినట్టు లాగాడు. పోవడం పోతూనే ఉన్నాడు కానీ ప్రతి అడుగుకూ చెమట కక్కుతున్నాడు. డీజిల్ బంకు దాటేసరికి వాడి నడక సన్నగిల్లింది. వాడు ఆగిన ప్రతిసారీ బంగారమ్మ రాడ్డు ఎత్తి, దించుతూ, దారం చుట్టుకుంది. పోయిన దారం కొంచెం కొంచెంగా వెనక్కి వస్తోంది. వలలు కుట్టుకుంటున్న ఆడవాళ్లు పని ఆపి ఈలలు వేశారు.

"ఒరే నూకా, నీ పెళ్లాం కంటే ఈ రీలే గట్టిదిరా!"

బంగారమ్మ ఒళ్లంతా పులకరించింది. ఇన్ని నెలల్లో మొదటిసారి తన చేతుల్లో బలం ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు నూకన్న వెనక్కి తిరిగాడు. మొహం వాడిపోయి ఉంది. "సెల్లీ," అన్నాడు, గొంతు జీరగా, "సేతులు కోసుకుపోతన్నాయమ్మా. పిల్లలున్నోణ్ని. రవ్వంత ఒగ్గమ్మా. నీకేటి పోద్ది? రవ్వంత."

బంగారమ్మ వేళ్లు స్టారు మీదికి పోయాయి. తిప్పాయి. ఆమె ఆలోచించలేదు, చెప్పిందెవరో చూడలేదు, అడిగింది న్యాయమా అని తూచలేదు. వేళ్లు వాటంతటవే పోయాయి, ఇంట్లో ఎవరైనా మంచినీళ్లు అంటే కాళ్లు లేచినట్టు.

నూకన్న ఒక్క వెకిలి నవ్వు నవ్వి పరుగు తీశాడు. డ్రమ్ము గిర్రున తిరిగిపోయింది. దారం పోయే వేగం కంటే డ్రమ్ము తిరిగే వేగం ఎక్కువై, దారమంతా రీలు మీద చుట్టలు చుట్టలుగా లేచి, ముడులు పడి, పిచ్చుక గూడులా తయారైంది. నూకన్న జెట్టీ చివరికి పోయి, కర్ర పైకెత్తి గంతులేశాడు. "సేప ఎల్లిపోనాదహో!"

ఈలలు వేసిన ఆడవాళ్లు ఇప్పుడు నవ్వారు.

"మోసం సేసినాడు!" అంది బంగారమ్మ.

మేస్త్రమ్మ ఆ గూడును ఆమె ఒడిలో పెట్టి, లోపలికి పోయి ఇంకొకరి రీలు విప్పుకుంది.

ముడులు విడదీస్తే గాని దారం పనికిరాదు. బంగారమ్మ గోళ్లతో, తర్వాత సూదితో, ఒక్కొక్క ముడీ తీస్తూ కూర్చుంది. ఎండ ఎక్కింది. నూకన్న వచ్చి, "కోపమొచ్చినాదేటి సెల్లీ? సేపననీసి సెప్పినాను గదా," అని పళ్లికిలించి టీ తెచ్చి పెట్టి పోయాడు. ఆమె టీ తాగలేదు. మోసం చేశాడు అని మొదట అనుకుంది. తర్వాత, చేప మోసం చెయ్యక ఏం చేస్తుంది అనుకుంది. ఇంకో ముడి తీసింది. దాసు మొదటిసారి చుక్కాని అడిగినప్పుడు తను ఏ పనిలో ఉంది? జ్వరంతో ఉన్న తన పిల్లను ఎత్తుకుని ఉంది. మంగళవారం అడిగినప్పుడు? అత్తగారు సొమ్మసిల్లి పడితే మొహాన నీళ్లు కొడుతోంది. ప్రతిసారీ ఏడుపుల మధ్యే అడిగారు, ఏడుపుల మధ్యే ఇచ్చింది. తీరిగ్గా కూర్చుని ఇది ఇస్తాను, ఇది ఇవ్వను అని ఒక్కనాడైనా తూచుకున్నదా? సర్దుకుపోవడం ఆడదాని సద్గుణం అని చెప్పేవాళ్లు, ఆ సర్దుకునే ఘడియను మాత్రం తామే ఎంచుకుంటారు. కొంగు పొయ్యిలో అంటుకున్నప్పుడు వచ్చి సంతకం అడుగుతారు.

ఆఖరి ముడి విడిపోయాక దారం మళ్లీ చుట్టి, లోపలికి వెళ్లి, తనే మేకు నుంచి కాటా తీసింది.

"పట్టుకో మేస్త్రమ్మా."

మేస్త్రమ్మ కాటా పట్టుకుంది. బంగారమ్మ స్టారు మీద చెయ్యి వేసి, ముల్లు చూస్తూ, మెల్లగా మాట్లాడింది. ఎవరికో చెబుతున్నట్టు కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"సరంగు దాసే. పడవ మీద సరంగని ఆడి పేరు రాయించుకుంటానంటే రాయించుకోనీ. మంగళారం నాను ఎక్కను, అది మా అత్త మాట, ముసిల్ది, పోనీ. గెస్టుల్ని ఎతుక్కొచ్చేదీ ఆడే." స్టారు ఒక పిసరు బిగించింది. "నా పడవ నానెక్కుతాను. సుక్కాని పక్కన నా సోటు నాది. ఆడు దిగిపోతానంటే..." ఆమె ఆగింది. కాటా ముల్లు గీతకు ఇవతల వణుకుతోంది. స్టారును ఇంకో పిసరు తిప్పింది. "దిగిపోనీ."

ముల్లు గీత మీద నిలబడింది.

"నూకా!" అని కేకేసింది ఈసారి బంగారమ్మే.

నూకన్న మళ్లీ చేపయ్యాడు. ఈసారి మొదటి నుంచే గోల మొదలెట్టాడు. సెల్లీ అన్నాడు, అమ్మా అన్నాడు, అరచేతులు తిప్పి చూపించాడు. జెట్టీ మీద చతికిలబడి నా పిల్లలు దిక్కులేనోళ్లయిపోతారహో అని రాగం తీశాడు. అది అబద్ధమని తెలిసినా బంగారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపుడువేలు స్టారు దాకా పోయింది, దాన్ని తాకింది కూడా. ఆమె ఆ వేలును లోపలికి ముడిచి రాడ్డును పిడికిలితో పట్టుకుంది. నూకన్న లాగినప్పుడు దారం ఇచ్చింది. ఉత్తినే కాదు. నూకన్న ఆగినప్పుడు చుట్టుకుంది. తొందరగా కాదు. చివరికి వాడు కర్ర పట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి వచ్చి, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, నిజంగానే అరచేతులు ఊదుకున్నాడు.

"నీ మొగుడొచ్చేసరికి ఎలాగుంటావో గాని సెల్లీ," అన్నాడు ఆయాసపడుతూ, "ఆడి బతుకు నాకు తెలిసిపోనాది."

బంగారమ్మ నవ్వింది. రాడ్డు గోడకు ఆనించి, మేస్త్రమ్మ వైపు తిరిగింది. పొద్దున అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. "అయితే మేస్త్రమ్మా, సాయంత్రం ఆళ్లందరూ ఏడిస్తే? మా అత్త పడిపోతే? మా ఆయన ఫోను సేస్తే?"

మేస్త్రమ్మ వేళ్లకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ రీలు వైపు చూసింది. "స్టారు బిగింపు గట్టు మీదే తూసి పెట్టుకునేది. నీళ్లలోకి ఎల్లినాక దాన్ని ముట్టుకోమని సెప్పేది ఎప్పుడూ సేపే, బంగారీ."

సాయంత్రం పెద్దల ముందు బంగారమ్మ కాటా దగ్గర తూచుకున్న మాటలే చెప్పింది; దాసు పడవ దిగిపోతానన్నాడు. బంగారమ్మ ఆపలేదు. వారం తిరక్కుండా ఆమే చుక్కాని పట్టి, గెస్టులను ఎక్కించుకుని, సముద్రం మీదికి పోయింది.